రంగు పెంచండి

"వీళ్ళందరూ ఒక్క తల్లి కడుపున పుట్టారట్రా?" అంది అక్కయ్య, తెర మీద వరసగా నిలబడ్డ మొహాల్ని చూస్తూ.

తమ్ముడు లెన్సు తుడుచుకుంటూ తలెత్తకుండానే, "ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు కదక్కా" అన్నాడు.

"పనిచేస్తే? డ్యూటీ డాక్టరు, అంబులెన్సు డ్రైవరు, గేటు దగ్గర చీటీలు చింపే ఆయన... అందరికీ ఒకే చేత్తో సున్నం కొట్టి వదిలావు. ఇందులో డ్రైవరెవరో చెప్పు చూద్దాం."

తమ్ముడు వంగి చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. "మీసాలాయన" అన్నాడు.

"మీసాలు ముగ్గురికి ఉన్నాయి."

ముందు గదిలో కౌంటర్ దగ్గర కవర్లు సర్దుతున్న మరదలు కిసుక్కున నవ్వింది. తమ్ముడు అటు ఒక చూపు విసిరి మళ్ళీ లెన్సులో పడ్డాడు.

ఆ స్టూడియోలో ఫోటోలు తీసేది తమ్ముడు, డబ్బు పుచ్చుకుని కవరు చేతికిచ్చేది మరదలు, ఈ రెంటికీ మధ్య జరిగేదంతా అక్కయ్య. ఆమె కూర్చునే గది చిన్నది. గోడలకి బూడిదరంగు తనే దగ్గరుండి వేయించుకుంది. కిటికీకి మందపాటి తెర. పనిలో ఉన్నప్పుడు ఎర్రబట్టలు కట్టదు, ఆ ఎరుపు తెర మీద పడి కంటిని మోసం చేస్తుందని. ఎవరైనా పసుపుపచ్చ చొక్కా వేసుకుని గదిలోకొస్తే, "గుమ్మం దగ్గరే ఉండి చెప్పు నాయనా" అంటుంది.

తమ్ముడి కెమెరా ఇచ్చేవన్నీ పచ్చి ఫైళ్ళు. ఆ మాట అక్కయ్యదే. కెమెరా తను చూసిందంతా మూటగట్టి, ఏదీ తేల్చకుండా ఇచ్చే ఫైలు పచ్చి ఫైలు. దాన్ని కంప్యూటర్లో తెరిచినప్పుడు ఈ ఎరుపు ఎంత ఎరుపు, ఈ చర్మం ఏ చాయ అని తేల్చేది ప్రొఫైలు. ఒకే ఫైలుకి ఒక ప్రొఫైలు వేస్తే మనిషి ఎండన పడి వచ్చినట్టుంటాడు, ఇంకోటి వేస్తే జ్వరం తగ్గి అప్పుడే లేచినట్టుంటాడు. ఎవరికి ఏది వెయ్యాలో చూడటమే అక్కయ్య పని. ఆ పనిలో ఆమెకి తన కన్ను మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు.

ఈ మధ్యే తమ్ముడు కొత్త కెమెరా కొన్నాడు. దాంతోపాటు ఎవరో పేరున్న ఫోటోగ్రాఫరు ఆన్‌లైన్లో అమ్ముతుంటే ఒక రెడీమేడ్ ప్రొఫైలు కూడా కొన్నాడు. అది వేస్తే ఎంతటివాళ్ళయినా తెల్లగా, నున్నగా వచ్చేస్తారు. దానికి పెద్ద ఇంగ్లీషు పేరే ఉంది గానీ, అక్కయ్య మొదటిరోజే చూసి "పాలమీగడ" అని నామకరణం చేసేసింది.

"అక్కా, చెప్పేస్తున్నా" అన్నాడు తమ్ముడు, లెన్సు మూత బిగించి. "పాలమీగడ డిఫాల్టు పెట్టేస్తా. ఫైలు తెరవగానే దానంతటదే పడుతుంది. నువ్విలా ఒక్కో మొహం ముందు కూర్చుని తపస్సు చెయ్యక్కర్లేదు. హాయిగా ఆల్బమ్ పేజీలు చూసుకో."

అతను నిజంగానే అక్క కళ్ళకి విశ్రాంతి ఇస్తున్నాననుకుని అన్నాడు. అక్కయ్యకి మాత్రం వంటమనిషిని పొయ్యి దగ్గర్నుంచి లేపి, మంచినీళ్ళ గ్లాసులు పెట్టమన్నట్టుంది.

"అంటే ఈ కుర్చీలోంచి లేవమంటావు."

"లేవమని కాదు..."

"మరి ఇందులో కూర్చుని ఏం చెయ్యమంటావు, జపమా?" అక్కయ్య కుర్చీ అతనివైపు తిప్పింది. "ఈ ఆసుపత్రి ఆర్డరు నాకొదిలెయ్. బోర్డు మీద పెట్టే ఫోటోలన్నీ నా రంగుతో నేను చేస్తాను. ఒక్కటి కూడా వెనక్కి రాకపోతే ఇకముందు రంగుల జోలికి నువ్వు రాకూడదు. ఒక్కటి వెనక్కొచ్చినా నీ పాలమీగడ నువ్వు పూసుకో. నేను మాట్లాడకుండా వెళ్ళి ఆల్బములు అంటిస్తా."

తమ్ముడు ఆలోచించాడు. అక్క మాటంటే మాటే. ఓడితే నిజంగానే లేచిపోతుంది, గెలిస్తే జన్మంతా గుర్తుచేస్తుంది.

"సరే" అన్నాడు. "మీ మరదలే సాక్షి."

"నన్ను మధ్యలోకి లాగకండి" అంది మరదలు కౌంటర్ దగ్గర్నుంచి. "నాకు ఇంటికెళ్తే మీరు కావాలి, టీ టైముకి వదిన కావాలి."

*

మర్నాడు పొద్దున్నే అక్కయ్య తలుపు వేసుకుని కూర్చుంది. ఆమె పద్ధతి ఒకటే. వరసలో అన్నిటికన్నా కష్టమైన మొహం ఏదో ముందు దాన్ని తీసుకుంటుంది. అది కుదిరితే తక్కినవి వాటంతటవే దారికొస్తాయి.

ఈసారి ఆ మొహం పిల్లల వార్డు నర్సుది. నల్లటి మనిషి. చామనచాయ అని సర్దిచెప్పుకోడానికి కూడా వీల్లేని నలుపు. నవ్వింది గానీ పళ్ళు కనపడేంత నవ్వు కాదు. తెల్ల కోటు, మెడలో ఆసుపత్రి కార్డు, జేబులో రెండు పెన్నులు, వాటి పక్కన పిల్లల కోసం పెట్టుకున్న చిన్న రబ్బరు బాతు.

అక్కయ్య తెరని నాలుగు గళ్ళుగా చీల్చి, అదే ఫోటో నాలుగింట్లోనూ పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ప్రొఫైలు వేసింది.

మొదటి గడిలో పాలమీగడ. చెంపల మీద నలుపు పోయింది, కానీ తెలుపు రాలేదు. బూడిద వచ్చింది. సబ్బు రాసుకుని, మధ్యలో నీళ్ళు ఆగిపోతే తువ్వాలుతో తుడిచేసుకున్న మొహంలా ఉంది. ఆ అమ్మాయి చేసిన తప్పేంటని? తెల్లవాళ్ళు తెల్లగానే ఉన్నారు, గోధుమరంగు వాళ్ళు ఇంకాస్త తెల్లబడి సంతోషిస్తారు. ఈ ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి మనిషినే చెరిపేసింది.

రెండో గడిలో కెమెరాతో వచ్చిన స్టాండర్డు. పర్వాలేదు గానీ జుట్టు ఎక్కడాగిందో నుదురు ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. మూడో గడిలో ల్యాండ్‌స్కేప్. అది చెట్లకీ ఆకాశానికీ పెట్టింది. దాని దెబ్బకి బాతు అరుస్తున్నట్టుంది, పెదాలు స్కెచ్ పెన్నుతో దిద్దినట్టున్నాయి.

"పిల్లా, ఇలా రా" అని మరదలిని కేకేసింది. "దీన్ని మీ ఆయన ఫోటోకి వేస్తే ఎలా ఉంటాడో చూస్తావా?"

మరదలు వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాటకంలో రాజుగారిలా ఉంటారు. వద్దొదినా, ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారు."

నాలుగో గడిలో అక్కయ్య సొంత ప్రొఫైలు. పాత కెమెరా రోజుల్లో కూర్చుని తనే తయారుచేసుకుంది. దాని పేరు "ఇంటి రంగు". అది వెయ్యగానే నర్సు మొహం వెచ్చబడింది. చెంప ఎముక మీద వెలుగు రాగిరంగులో మెరిసింది. అక్కయ్య భుజాలు కిందికి దిగాయి. గళ్ళన్నీ మూసేసి, ఆ ఒక్కటే తెర నిండా పెట్టుకుని చూసుకుంది.

అప్పుడే కౌంటర్ మీద ఫోన్ మోగింది. మరదలు ఒక చేత్తో ఎవరికో కవరు అందిస్తూ, రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, "ఆ... ఆ... చెప్తానండీ" అంది. తర్వాత అక్కడినుంచే గొంతు పెంచింది.

"వదినా, ఆసుపత్రి హెడ్ నర్సుగారు. పిల్లల వార్డు అమ్మాయికి కొంచెం రంగు పెంచమంటున్నారు."

"పెంచుతానని చెప్పు" అంది అక్కయ్య, ఠక్కున.

ఆమెకి హెడ్ నర్సు మీద గౌరవం పుట్టుకొచ్చింది. చూశావా, రంగు తెలిసిన మనిషి, అనుకుంది. రంగుల గదిలో బతికే మనిషికి రంగు పెంచడమంటే ఒకటే అర్థం. తెర మీద ఆ పేరుతో ఒక గీత ఉంటుంది. దాని మీద చిన్న గుండీ. గుండీని కుడికి జరిపితే రంగు పెరుగుతుంది, ఎడమకి జరిపితే తగ్గుతుంది. అక్కయ్య కుడికి జరిపింది. రాగి ఇంకాస్త రాగి అయింది. జుట్టులోంచి నుదురు విడివడి బయటికొచ్చింది.

తమ్ముడు ఆ సమయానికి ఊళ్ళో ఏదో ఫంక్షన్‌కి వెళ్ళాడు. ఉండి ఉంటే ఆ మాట విన్నవెంటనే సంగతి చెప్పేసేవాడేమో. మరదలికి కౌంటర్ దగ్గర జనం. మాట చేరవేసింది, మర్చిపోయింది.

సాయంత్రానికి ఫోటోలన్నీ ప్రింటుకి వెళ్ళాయి. వాటితోపాటు నర్సుది కూడా, తక్కినవాటికన్నా ఒక పాలు ఎక్కువ వెలుగుతూ.

*

ఫోటోలు ఆసుపత్రి గుమ్మంలో బోర్డెక్కిన రోజే హెడ్ నర్సు ఫోన్ వచ్చింది. మరదలు స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. తమ్ముడు బ్యాటరీలు చార్జింగులో పెడుతూ చెవి అటు వేశాడు.

"అమ్మా, పిల్లల వార్డు అమ్మాయికి నేను రంగు పెంచమన్నాను" అంది హెడ్ నర్సు.

"పెంచానండీ" అంది అక్కయ్య. "కనపడటం లేదా?"

"కనపడుతోంది. బోర్డు మీద ముందు అదే కనపడుతోంది. అందుకే ఫోన్ చేశాను. రంగు పెంచమంటే రంగు పెంచేస్తారా ఎవరైనా?"

అక్కయ్య ఫోనువైపు, తర్వాత మరదలివైపు చూసింది. "మరి రంగు పెంచాలంటే ఏం పెంచాలండీ?"

"రంగు రావాలి కదమ్మా. రంగు రావడమంటే... కొంచెం తెల్లగా."

"తెల్లగా అంటే రంగు తగ్గినట్టు కదా?"

"తగ్గితే ఎలా వస్తుంది?"

"తెలుపంటేనే రంగు లేకపోవడం. ఉన్నదంతా తీసేస్తే తెలుపే మిగుల్తుంది. మీకు కావలసింది అదైతే రంగు తగ్గించమనాలి."

"ఆ అమ్మాయికి ఉన్నదే రంగు తక్కువ. ఇంకా తగ్గించమని ఎవరైనా అంటారా?" హెడ్ నర్సు గొంతు కాస్త బిగిసింది. "చూడండమ్మా, మీరూ నేనూ మాట్లాడుకునేది ఒకే భాష. చీరకైతే మీరన్నది నిజం. మనిషికి రంగంటే నేనన్నదే."

తమ్ముడు బ్యాటరీ చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. అతని వీపు ఊగుతోంది. మరదలు నాలిక కరుచుకుని లేని కవర్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.

"సరేనండీ. ఇంతకీ ఫోటోలో ఉన్న మనిషికి నచ్చిందా లేదా?" అంది అక్కయ్య, ఓడిపోయేది ఇక్కడ కాదన్నట్టు.

"ఆ అమ్మాయి కూడా బాగాలేదనే అంది. సాయంత్రం డ్యూటీ దిగాక మీ దగ్గరికే పంపిస్తున్నా."

ఫోన్ పెట్టేశాక తమ్ముడు ఇటు తిరిగాడు. మొహం సరిచేసుకున్నాడు గానీ కళ్ళలో నవ్వు ఇంకా ఆరలేదు.

"అక్కా, పందెం..."

"ఇంకా వెనక్కి రాలేదురా. ఫోనే వచ్చింది."

"సాయంత్రం వస్తుందిగా."

"రానీ. ఆ అమ్మాయి తనంతట తను అని ఉండదు. పైవాళ్ళు బాగాలేదంటే కాదని ఎవరంటారు? ఇక్కడ కూర్చోబెట్టి నీ పాలమీగడ, నా ఇంటి రంగు పక్కపక్కన పెట్టి చూపిస్తా. ఏది తనో తనే చెప్తుంది." అక్కయ్య లేచి తెర మీద దుమ్ము తుడిచింది. "అప్పుడు చూద్దాం ఎవరి వీపు ఊగుతుందో."

*

నర్సు వచ్చేసరికి బయట ఇంకా వెలుతురుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బోర్డు మీంచి ఊడదీసిన ఫోటో. బిడియం ఉన్న మనిషిలా లేదు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.

"మీ పేరేంటమ్మా?" అంది మరదలు నీళ్ళిస్తూ.

"వార్డులో చీమక్కంటారు."

మరదలి మొహం చిన్నబోయింది. "అయ్యో, అలా అనొచ్చా?"

నర్సు నవ్వింది. ఈసారి పళ్ళు కనపడ్డాయి. "రంగుని బట్టి కాదండీ. సూది గుచ్చేముందు ప్రతి పిల్లాడికీ చీమ కుట్టినట్టుంటుంది, అంతే అంటాను. అదలా అంటుకుపోయింది. చీమ కన్నా ఎక్కువే నొప్పి పుడుతుంది, వాళ్ళకీ తెలుసు. అయినా నా చేత్తోనే పొడిపించుకుంటారు."

అక్కయ్యకి ఆ పిల్ల నచ్చేసింది. తన గదిలోకి తీసుకెళ్ళి పక్కన నిలబెట్టుకుంది. తెర మీద రెండు గళ్ళు తెరిచింది.

"ఇది పైవాళ్ళు కోరుకుంటున్నది" అంది పాలమీగడ వేసి. "ఇది నేను చేసింది. ఎవరికీ భయపడకుండా చెప్పు తల్లీ. ఇందులో నువ్వెవరు?"

గుమ్మంలో తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నర్సు మొదటిదాన్ని చూసి, "ఇది నేను కాదు" అంది వెంటనే. అక్కయ్య తమ్ముడివైపు కనుబొమ్మ ఎగరేసింది. నర్సు రెండోదాన్ని ఇంకాస్త సేపు చూసింది.

"ఇది కూడా నేను కాదండీ" అంది.

"సరిగ్గా చూడు. మనల్ని మనం అద్దంలో తప్ప చూసుకోం. ఫోటోలో కొత్తగానే ఉంటుంది."

"అద్దం సంగతి నాకు తెలీదండీ. నా చెయ్యి నాకు తెలుసు. రోజంతా గ్లవ్స్ వేస్తూ తీస్తూ చూసేది దాన్నే." ఆమె కోటు చెయ్యి పైకి జరిపి, ముంజేతిని తెర పక్కన, ఫోటోలోని చెంపకి ఆనించినట్టు పెట్టింది. "చూడండి."

అక్కయ్య చూసింది.

ఫోటోలో చెంప తోమిపెట్టిన రాగిపాత్రలా ఎర్రగా కాగుతోంది. పక్కన చెయ్యి తడిసిన పలకలా ఉంది. అందులో ఎరుపనేదే లేదు. ఏదైనా ఉంటే చల్లటి నీలం ఛాయ, అదీ మణికట్టు దగ్గర వెలుగు పడినచోటే. రెండూ ఒకే మనిషివని కోర్టులో చెప్పినా నమ్మరు.

"హెడ్ సిస్టరు తెలుపు పూయమన్నారు. మీరు ఎరుపు పూశారు" అంది నర్సు, కోపమేమీ లేకుండా. "మీది అందంగానే ఉందండీ, కాదనను. ఇంట్లో గోడకి పెట్టుకోమంటే పెట్టుకుంటా. కానీ అది బోర్డు మీద పెట్టేది. ఒంట్లో బాగాలేని పిల్లలొస్తారు. లోపల ఎవరుంటారో గుమ్మంలోనే తెలిస్తే వాళ్ళకి సగం భయం పోతుంది. ఎప్పుడూ నా దగ్గరికే వచ్చే పాప ఒకతి, పొద్దున వాళ్ళమ్మ బోర్డు చూపించి చీమక్క ఏదీ అంటే నా ఫోటో దాటేసి వెళ్ళిపోయింది. పక్కనున్న ఆయమ్మ మీద వేలు పెట్టింది."

తమ్ముడు కట్టుకున్న చేతులు విప్పాడు.

ఆ చెయ్యి ఇంకా తెర పక్కనే ఉంది. అక్కయ్య ఇంటి రంగుని తెరిచి, అందులో తను అప్పట్లో ఏ రంగుని ఎటు తిప్పిందో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. పాత కెమెరాకి చర్మం మీద పచ్చదనం కొట్టే జబ్బుండేది. దానికి విరుగుడుగా ఎరుపు కలిపింది. కొత్త కెమెరాకి ఆ జబ్బే లేదు. లేని జబ్బుకి మందు పడుతూ ఉంది. తక్కినవాళ్ళ మొహాల్లో ఆ ఎరుపు ఆరోగ్యంలా కనపడి చెల్లిపోయింది. ఈ నలుపు మీద దాక్కోలేకపోయింది.

అంతవరకే అయితే లెక్క తప్పిందని సరిపెట్టుకునేది. కానీ ఆ ఎరుపు ఎంత కలపాలో ఎవర్ని చూసి తేల్చుకుందో గుర్తొచ్చింది. అప్పట్లో పరీక్షకి కుర్చీలో కూర్చున్నది తనే. కెమెరా నొక్కింది తమ్ముడు. తన చెంప తన కంటికి బాగున్నచోట గుండీ ఆపి, దానికి ఇంటి రంగని పేరు పెట్టింది. అప్పట్నుంచీ ఈ గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ ఆ చెంపే తొడుగుతోంది.

"ఒరేయ్" అంది అక్కయ్య మెల్లగా. "నీది మీగడ అయితే నాది కుంకుమరా."

తమ్ముడు నవ్వలేదు.

"రంగుల గళ్ళ అట్ట ఎక్కడుంది?"

"ఏ అట్ట?"

"కొత్త కెమెరా కొన్నప్పుడు తెప్పించుకున్నావే, నూనె మరక పడుతుందని ముట్టుకోనివ్వలేదు. దాన్ని తియ్యి. లైట్లు వెయ్యి. ఈ అమ్మాయిని మళ్ళీ తీద్దాం."

*

అట్ట అంటే అరచేతికన్నా కాస్త పెద్దది. దాని మీద చదరంగపు గళ్ళలా చిన్న చిన్న రంగులు, కింద తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు. ఏ గడి అసలు రంగు ఎంతో కంప్యూటరుకి ముందే తెలుసు. కెమెరా దాన్ని ఎంతగా చూసిందో పోల్చి, ఆ తేడా సరిచేసే ప్రొఫైలు అదే కట్టిస్తుంది. అక్కయ్యకి ఇది తెలియక కాదు. నా కన్నుండగా అట్టెందుకని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

నర్సు అట్టని గడ్డం కింద పట్టుకుని కూర్చుంది. "జైల్లో వేసేముందు ఇలాగే తీస్తారనుకుంటా" అంది.

"కదలకమ్మా, శిక్ష పెరుగుతుంది" అన్నాడు తమ్ముడు, కెమెరాలోంచి.

ఒకటి తీసి, తలెత్తి చూశాడు. మళ్ళీ కెమెరాలో చూసుకున్నాడు. తర్వాత కెమెరా పక్కన పెట్టేసి, ఎదురుగా ఉన్న పెద్ద లైటుని కాస్త తగ్గించి, మూలన ఉన్న చిన్న లైటుని ఈడ్చుకొచ్చి నర్సు వెనక పక్కగా నిలబెట్టాడు. ఆమె చెంప అంచు మీదా, జుట్టు మీదా సన్నటి వెలుగు గీతలా పడింది.

"అన్నిటికీ ఒకే లైటు పెట్టి తీసుకుంటూ పోయానక్కా" అన్నాడు. "జుట్టూ నుదురూ కలిసిపోయింది నీ రంగు వల్లా నా రంగు వల్లా కాదు. అక్కడ నేనే లైటు పెట్టలేదు."

"తెలిసిందిగా, నొక్కు" అంది అక్కయ్య.

అట్టతో ఒకటి, అట్ట లేకుండా కొన్ని తీశాడు. అక్కయ్య గదిలో కూర్చుని కొత్త ప్రొఫైలు కట్టించింది. అది తయారవుతున్నంతసేపూ ముగ్గురూ తెరవైపే చూస్తూ ఉన్నారు. మరదలు కూడా కౌంటర్ వదిలి వచ్చి గుమ్మంలో నిలబడి, తన చీర పసుపని గుర్తొచ్చి ఒకడుగు వెనక్కి వేసింది.

ప్రొఫైలు పడింది. రాగి పోయింది, బూడిదా లేదు. నలుపు మీద వెలుగు పడితే నలుపు ఎలా ఉంటుందో అలా ఉంది. చెప్పాలంటే, మొదటి చూపుకి అక్కయ్యకి కాస్త చప్పగానే అనిపించింది. ఆమె చెయ్యి అలవాటుగా రంగు గీత మీది గుండీ దగ్గరికి వెళ్ళింది.

నర్సు ముంజెయ్యి వచ్చి తెర పక్కన ఆనింది.

అక్కయ్య గుండీ వదిలేసింది. వెలుతురు మాత్రం ఒక్క పిసరు పెంచి, ఆమె మొహంలోకి చూసింది.

"ఇంకొంచెం తగ్గించండి" అంది నర్సు. "ఆ... అక్కడ. అంతే. ఇది నేను."

"బాగుందా?"

"బాగుండటం సంగతి కాదండీ" అని, కోటు చెయ్యి కిందికి దించుకుంది. "బాగుంది కూడా."

ప్రింటు ఆరేదాకా ఉండి, తనే పట్టుకెళ్తానంది. పాతదాన్ని కవరులో పెట్టుకుంది. "ఇది ఇంట్లో గోడకి" అంది, చెప్పులు వేసుకుంటూ.

*

మర్నాడు మధ్యాహ్నం హెడ్ నర్సు ఫోన్ చేసింది. మరదలు ఎవరూ చెప్పకుండానే స్పీకరు నొక్కింది.

"ఏంటమ్మా, మళ్ళీ అలాగే పంపించారు?"

"ఎలా ఉందండీ?" అంది అక్కయ్య.

"ఎలా ఉందంటే... అచ్చం ఆ అమ్మాయిలాగే ఉంది."

ఈ మాట అనేశాక, ఫిర్యాదు ఇంకేం మిగిలిందో ఆవిడకే తెలియలేదు కాబోలు, అవతల గొంతు ఆగిపోయింది. వెనక ఎక్కడో పిల్లల ఏడుపు, బండి చక్రాల చప్పుడు వినపడుతున్నాయి.

"మార్చమంటారా?" అన్నాడు తమ్ముడు, ఫోను దగ్గరికి వంగి.

"నేనంటే సరిపోతుందా? ఆ అమ్మాయి ముట్టుకోనివ్వడం లేదు. పొద్దున్నుంచి పిల్లలందరూ దాని ముందే." గొంతు తగ్గించింది. "ఉండనివ్వండి. నాది మాత్రం మీరు మొదట ఫోన్లో పంపిన తెల్లదే పెట్టండి. అది బాగుంది."

"మీరొకసారి రండి" అంది అక్కయ్య. "నా పక్కన కూర్చుందురు గాని. చూసుకున్నాక కూడా తెల్లదే కావాలంటే తెల్లదే ఇస్తాను. మీ మొహం, మీ ఇష్టం."

"వస్తానులెండి" అంది హెడ్ నర్సు. వస్తుందనీ కాదు, రాదనీ కాదు.

ఫోన్ పెట్టేశాక అక్కయ్య తన గదిలోకెళ్ళి కూర్చుంది. ఇంటి రంగు మీద బాణం పెట్టి నొక్కింది. నిజంగా తీసెయ్యమంటారా అని కంప్యూటరు అడిగింది. తీసెయ్యమంది. ఏళ్ళ తరబడి పోగేసుకున్న గర్వం, చిన్న చప్పుడైనా చెయ్యకుండా పోయింది. చిత్రమేమిటంటే, తేలిగ్గానే ఉంది.

"మిగతావి కూడా కొత్త ప్రొఫైలుతో మళ్ళీ చేసి పంపుతా" అంది. "డ్రైవరుగారు కూడా అంత ఎర్రగా ఉండరు. కానీ ముందు నీతో తేల్చుకోవాలి. ఫోటో వెనక్కొచ్చింది. పందెం నేను ఓడిపోయాను."

తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఓడిపోయావు" అన్నాడు.

"డిఫాల్టు పెట్టుకుంటావా?"

"ఏది, పాలమీగడా?" అతను తల గోక్కున్నాడు. "తీసెయ్యలేనక్కా. అడిగేవాళ్ళుంటారు. పెళ్ళిళ్ళవాళ్ళు మరీను."

"అడిగినవాళ్ళకి వేద్దాం. అడగనివాళ్ళకి కూడా వేసేస్తున్నాం చూడు, అక్కడొచ్చింది గొడవ. నువ్వు తెల్లగా, నేను ఎర్రగా. మనిద్దరం కొట్టుకున్నామే గానీ, బల్లకి అవతల ఉన్న మనిషిని అడిగామా?"

తమ్ముడు ముందు గదిలోకెళ్ళాడు. కౌంటర్ పక్కన జనం కూర్చునే కుర్చీల్లోంచి ఒకటి ఎత్తుకొచ్చి అక్కయ్య కుర్చీ పక్కన, తెరకి ఎదురుగా వేశాడు. ఇరుకు గది కదా, బల్లని గోడకి జరపాల్సి వచ్చింది. జరిపాడు.

"దీని సంగతేమిటి?" అంది అక్కయ్య, తను కూర్చున్న కుర్చీ చెయ్యి తడుతూ.

"అందులో నువ్వే. నువ్వు లేస్తే కంప్యూటరు ఎవరు నొక్కుతారు? నిన్ను లేపానంటే మీ మరదలు నాకు అన్నం పెట్టదు."

"పెట్టను" అంది మరదలు కౌంటర్ దగ్గర్నుంచి.

ఆ సాయంత్రం ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఏదో కార్డుకి ఫోటో తీయించుకోడానికి వచ్చాడు. ఎండ తిని తిని ఒక చెంప నల్లగా, రెండో చెంప కాస్త తెల్లగా ఉన్న మనిషి. బస్సు కిటికీ వైపున్న చెంప ఏదో ఎవరైనా చెప్పగలరు. తమ్ముడు ఫోటో తీసి, ప్రింటుకి పంపకుండా ఆయన్ని లోపలికి తీసుకొచ్చాడు. పెద్దాయన కొత్త కుర్చీలో సర్దుకుని కూర్చుని, తెర మీద తన మొహం అంత పెద్దదిగా ఉండేసరికి గొంతు సవరించుకున్నాడు.

"చెయ్యి ఇలా తెర పక్కన పెట్టండి బాబాయ్" అంది అక్కయ్య.

ఆయన అరచెయ్యి పైకి తిప్పి చాపాడు. "జాతకం కూడా చెప్తావా అమ్మాయ్?"

అక్కయ్య ఆ చేతిని మెల్లగా బోర్లా తిప్పింది.

"నేను చెప్పను" అంది. "మీరే చెప్పాలి."